పన్నెండో నెల రాసిన కార్డు

జైలు నుంచి బయటికి వచ్చిన మనుషులకు పని నేర్పి ఒక ఊళ్ళో నిలబెట్టడం ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగం. దానికి పరీక్షలున్నాయి, శిక్షణ ఉంది. ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, మీ రోజుల్లో ఎలా చేసేవారని అడిగారు. బాగా జరిగిన సంగతులు నా డైరీల్లో చాలానే ఉన్నాయి. వాటిని చెప్పుకోవడం నాకూ ఇష్టమే. కాని మీకు పనికొచ్చేది చెడిపోయిన సంగతి. చెడగొట్టింది నేనే కాబట్టి దాని వివరాలు నాకు బాగా తెలుసు.

అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మద్రాసు ప్రభుత్వం, యుద్ధకాలం. జిల్లాలోని కొందరు పెద్దమనుషులు విడుదలైన ఖైదీల కోసం ఒక సంఘం పెట్టి, మార్కాపురంలో పలకల గనులకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నారు. దాన్ని నడపడానికి నన్ను వేశారు. అంతకుముందు నేను బడిపంతులును. చేతిరాత బాగుంటుందనీ, తారీఖులు తప్పననీ నన్ను ఎంచుకున్నారని తర్వాత తెలిసింది. మనుషుల్ని అర్థం చేసుకుంటాడని మాత్రం ఎవరూ సిఫారసు చేయలేదట.

నాకు తోడు ఒక రిటైరైన జైలు జమేదారు. సాయబు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. జైలు కార్ఖానాలో ఖైదీల చేత ఏళ్ళ తరబడి వడ్రంగం చేయించినవాడు. అందరూ ఆయనను మామా అని పిలిచేవాళ్ళు, నేనూ అంతే. పొద్దు గూకేసరికి షెడ్డులో ఉన్నవాళ్ళను చూపుడు వేలితో లెక్కపెట్టే అలవాటు ఆయనకు పోలేదు. మా దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్ళు అది చూసి, "మామకు ఇంగా విడుదల కాలేదు" అని నవ్వుకునేవాళ్ళు. ఆయనకూ నవ్వొచ్చేది, కాని లెక్క పూర్తయ్యాకే నవ్వేవాడు.

మా షెడ్డులో రెండు పనులు నేర్పేవాళ్ళం. గని నుంచి వచ్చిన రాతిని తడి గోనెల కింద ఉంచి, పలుచటి ఉలితో పొరలుగా విడదీయడం ఒకటి. ఆ పలకలకు కొయ్య చట్రాలు బిగించడం రెండోది. మొదటిదానికి ఓర్పు కావాలి, రెండోదానికి కొలత కావాలి. రెండూ ఉన్న మనిషి నా పదకొండేళ్ళలో ఒక్కడే వచ్చాడు.

అతనిది రాచర్ల దగ్గర ఒక పల్లె, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. కొత్తగా పెళ్ళయిన ఏడాది, కావలి కాస్తున్న జొన్న చేనిలో గొర్రెలు పడ్డాయని కాపరితో గొడవపడి కర్రతో ఒక దెబ్బ కొట్టాడు. ఒక్కటే దెబ్బ. కాపరి మూడో రోజు చనిపోయాడు. ఇతనికి ఏడేళ్ళు పడింది. జైల్లో వడ్రంగం నేర్చుకున్నాడు. మా దగ్గరికి వచ్చేనాటికి ముప్ఫై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. మొదటి రెండు నెలలు షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయేవాడు. ఎవరైనా "లోపలికి పో" అంటే తప్ప అడుగు వేసేవాడు కాదు. మంచినీళ్ళ కుండ పక్కనే ఉన్నా, తాగమంటారా అని అడిగేవాడు. ఒకరోజు అడక్కుండానే లేచి, ముంచుకొని తాగి, మళ్ళీ వచ్చి కూర్చుని చట్రం పట్టుకున్నాడు. జమేదారు మామ నా వైపు చూసి తల ఊపాడు. ఆ రోజు డైరీలో నేను రాసింది ఆ ఒక్క సంగతే.

ఏడాది తిరిగేసరికి అతను చట్రాలు, బల్లలు, తలుపులు, బండి చక్రాలు అన్నీ చేయగలిగాడు. మార్కాపురంలోనే ఉంచుదామంటే ఒప్పుకోలేదు. సంతకూ తిరునాళ్ళకూ రాచర్ల మనుషులు వస్తూనే ఉంటారు, ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు.

"పని యాడైనా చేస్తా అయ్యా. నా సంగతి తెలియని ఊరొకటి చూపీయండి. అంతే నేనడిగేది" అన్నాడు.

అంతే అన్నాడు గాని అతని మనసులో ఉన్నది ఊరు కాదు, భార్య. ఆమె ఆ ఏడేళ్ళూ గిద్దలూరు వైపు పల్లెలో అన్న ఇంట్లో ఉంది. అతను విడుదలైనాక ఒకసారి ఆ వాకిట్లోకి వెళ్ళి, అన్న ముఖం చూసి తిరిగి వచ్చేశాడు. అందుకని ఆ పల్లెకు నేనే వెళ్ళాను. అన్న సొంత సేద్యం ఉన్న మనిషి, ప్రార్థన మందిరంలో పెద్ద. మర్యాదగా మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"మా చెల్లెలు ఏడేండ్లు తల వంచుకొని బతికింది పంతులుగారూ. వాడు ఒక ఊర్లో ఏడాది నిలబడాల. ఆ ఏడాదిలో వాని గురించి ఏ సర్కారు మనిషీ వచ్చి అడగగూడదు. అట్ల జరిగితే నేనే బండి కట్టుకొని తీసుకపోయి దిగబెడతా" అన్నాడు.

న్యాయంగానే తోచింది. సరేనన్నాను. అతని భార్య తలుపు వెనక నిలబడి ఉంది. చీర అంచు మాత్రం కనిపించింది. ఆమె ఏమనుకుంటున్నదో అడగాలని నాకు తోచలేదు.

చంద్రశేఖరపురం దగ్గర ఒక పల్లెలో వడ్రంగి చనిపోయి రెండేళ్ళయిందని, కొత్తవాడు దొరకక నాగళ్ళు మూలపడుతున్నాయని తెలిసింది. అది నెల్లూరు జిల్లా, నడుమ కొండలు. రాచర్ల గాలి అక్కడికి రాదు. ఆ ఊరి మునసబు నిదానస్తుడు. అతనికి ఒక్కడికే సంగతంతా చెప్పాను. దాచి మోసం చేయడం పద్ధతి కాదు కదా. ఆయన విని, "పని వచ్చినోడైతే చాలు, మిగతాది నా కడుపులో ఉంటది" అన్నాడు. మా మనిషి సంఘం ఇచ్చిన బాడిసె, రంపం, ఉలులు, చిత్రిక సంచిలో వేసుకుని ఒక నెల మధ్యలో ఆ ఊరు వెళ్ళాడు.

ఇక నా పద్ధతి గురించి చెప్పాలి. ఒక మనిషిని ఎక్కడైనా పనిలో పెడితే ఆరు నెలలకొకసారి కనుక్కుంటే చాలని సంఘం నియమం. అది నాకు చాలదనిపించింది. నెలనెలా ఆఖరి రోజున మునసబుకు ఉత్తరం రాసి, ఆ మనిషి నడవడి ఎలా ఉందో తెలుసుకోవాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అతని భార్య అన్నకు నేనిచ్చిన మాట గుర్తు లేక కాదు. మూసిన కవరులో మునసబు ఒక్కడికే వెళ్ళే ఉత్తరం అడగడం కిందికి రాదనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మనిషి మీద నమ్మకం లేక రాసినవి కావవి. నా నెలల పట్టికలో గడులు నిండితే నాకు తృప్తి, అందుకు రాసినవి. ప్రతి నెలా మునసబు నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చేది. బాగున్నాడు. పని మంచిగా చేస్తున్నాడు. ఒకసారి మూడో వాక్యం కూడా రాశాడు: మా మనమరాలికి ఊయల చేసినాడు, పిల్ల దిగనంటున్నది.

పదకొండు నెలలు గడిచాయి. పన్నెండో నెల ఆఖరి రోజున చూస్తే షెడ్డులో ఒక్క కవరు కూడా లేదు. యుద్ధం వల్ల కాగితానికి కరువు. పోస్టాఫీసుకు మనిషిని పంపితే రెండు రోజులాగి రమ్మన్నారు. నా దగ్గర ఉన్నది ఒక్క పోస్టుకార్డు.

కార్డు ముందు పెట్టుకుని కలం తీయడం జమేదారు మామ చూశాడు.

"ఏంది పంతులూ, కార్డు మీదనే రాస్తావా?"

"జాగ్రత్తగా రాస్తాను మామా. జైలు మాటే ఎత్తను."

"రెండు దినాలు ఆగితే ఏం మునిగిపోతది? వాడు యాడికీ పోడు గదా."

"పదకొండు నెలలు తారీఖు తప్పలేదు మామా."

నేను నిజంగానే జాగ్రత్తగా రాశాను. మీ ఊరి వడ్రంగి విషయం ఎప్పటిలాగే తెలియజేయగలరు, అంతే. పేరు కూడా రాయలేదు. తర్వాత, పదకొండు నెలలుగా ప్రతి ఉత్తరం కిందా వేసినట్టే, చెయ్యి దానంతట అదే పోయి సంఘం గుండ్రటి ముద్ర తీసి కార్డు మీద వేసింది. విడుదలైన ఖైదీల సహాయ సంఘమని దాని చుట్టూ తెలుగులో చెక్కి ఉంది. సంఘం పెట్టినప్పుడు ఇంగ్లీషు వద్దు, తెలుగులోనే చెక్కించాలని పట్టుబట్టినవాడిని నేనే.

మూడు వారాలైనా జవాబు రాలేదు. ఏదో జరిగిందని అర్థమైంది. కనిగిరి దాకా, పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సులో, అక్కడి నుంచి ఒక బండిలో, ఆఖరి రెండు మైళ్ళు నడిచి ఆ ఊరు చేరాను. చావడి దగ్గర మొదట కనబడింది బడిపంతులు, ఇరవై అయిదేళ్ళవాడు. నేనెవరో చెప్పగానే అతని ముఖం పాలిపోయింది. జరిగిందంతా అతనే చెప్పాడు.

ఆ ఊరికి టపా వారానికొకసారి వస్తుంది. ఆ రోజు జనం చావడి దగ్గర చేరతారు. కవరు వస్తే ఎవరిది వాళ్ళకు ఇచ్చేస్తారు. కార్డు వస్తే మాత్రం అక్కడే నిలబడి అందరికీ వినిపించేటట్టు చదవడం వాళ్ళ అలవాటు. చావు కబురైనా, పెళ్ళి కబురైనా, పట్నంలో ధరలైనా కార్డు మీద ఉన్నది ఊరందరిదీ. మునసబు కంటి ఆపరేషన్‌కు నెల్లూరు పోయి ఉన్నాడు. ఆయన తమ్ముడు కార్డు తీసి పంతులు చేతికిచ్చాడు.

"చదివేటప్పుడు అందులో ఏం ఉందో నాకేం తెలుసు సార్. ముద్ర గుండ్రంగా ఉంటే కార్డు తిప్పి తిప్పి చదివినాను. అక్షరాలు పట్టుకున్నానని సంతోషపడినాను గూడ" అన్నాడు పంతులు.

వడ్రంగి అప్పుడు అక్కడే ఉన్నాడు. చావడి బల్లకు విరిగిన కాలు బిగిస్తున్నాడు. చదవడం అయిపోయాక అతను బల్ల కాలు బిగించడం పూర్తి చేశాడు. బల్లను నిలబెట్టి, నాలుగు మూలలా చేత్తో నొక్కి, ఊగడం లేదని చూసుకున్నాడు. తర్వాత పనిముట్లు సంచిలో వేసుకుని ఇంటికి పోయాడు.

ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళని నేను రాయలేను. ఒక్కరు కూడా అతన్ని కొట్టలేదు, తిట్టలేదు, ఊరు విడిచి పొమ్మనలేదు. ఊయల చేయించుకున్న ఇంటి ముసలమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, "మంచోడే నాయనా. మంచోడు గాదని ఎవురన్నారు? తెలిసినాక గుండె ఊరికే ఉంటదా?" అంది. నాగళ్ళు బాగుచేయించుకోవడం కూడా ఆపలేదు వాళ్ళు. మునసబు తమ్ముడు ఒక ఏర్పాటు మాత్రం చేశాడు. పొద్దు గూకగానే వడ్రంగి తన బాడిసె, ఉలులు, రంపం తెచ్చి చావడిలో పెట్టాలి. తలారి లెక్కపెట్టి తాళం వేస్తాడు. తెల్లవారి తాళం తీశాక తీసుకుపోవచ్చు. ఊళ్ళో ఆడవాళ్ళు భయపడుతున్నారు, అందరికీ మంచిదని ఇలా చేశాం, అన్నాడు తమ్ముడు నాతో. ఆ మాట అంటున్నప్పుడు అతను నా కళ్ళలోకి చూడలేకపోయాడు.

వడ్రంగి ఇల్లు ఊరి చివర. నేను వెళ్ళేసరికి అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. సాయంత్రమైంది, పనిముట్లు చావడికి చేరిపోయాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నదాకా కూర్చోలేదు. మా షెడ్డుకు వచ్చిన మొదటి రోజుల్లో ఎలా నిలబడేవాడో అలాగే.

తప్పు నాదేనన్నాను. నాతో మార్కాపురం రమ్మన్నాను, ఇంకొక ఊరు చూస్తానన్నాను. మునసబు రాగానే ఈ తాళం సంగతి మాట్లాడతానన్నాను. అతను అన్నీ విన్నాడు.

"జైల్లో గూడ ఇట్లనే అయ్యా. సందేళకు లెక్క అప్పజెప్పి వట్టి చేతుల్తో పోయేటోళ్ళం" అన్నాడు. కోపంగా కాదు, వాన పడింది అన్నట్టు.

గుమ్మం వైపు చూపించి మళ్ళీ అన్నాడు. "ఆ కార్డు వచ్చేనాటికి ఇంగ నాలుగు దినాలే ఉండె ఏడాదికి. ఇల్లంతా అలికించి పెట్టినా."

నేను లోపలికి చూశాను. నిజమే. ఎర్రమట్టితో అలికిన నేల, గోడకు కొత్తగా కొట్టిన రెండు కొయ్య గూళ్ళు, ఒక చిన్న పీట. పీటకు ఎవరూ అడగని పువ్వు చెక్కి ఉంది.

"మీరు చెడు చేయాలని రాయలేదు. నాకు తెలుసు. ఒకటి మాత్రం అడుగుతా. ఇంగ నా గురించి ఎవురికీ రాయొద్దండయ్యా."

రాయనన్నాను. ఆ రాత్రి ఆ బడిపంతులు ఇంట్లో పడుకున్నాను. తెల్లవారి వెళ్ళి చూస్తే తలుపు దగ్గరగా వేసి ఉంది, మనిషి లేడు. చావడి తాళం ఇంకా తీయలేదు. అంటే పనిముట్లు లేకుండానే వెళ్ళిపోయాడు. వాటి కోసం ఆగితే తలారి వస్తాడు, జనం చూస్తారు, ఏదో ఒక మాట చెప్పాలి. వడ్రంగికి బాడిసె లేకపోతే చేతులు లేనట్టే. అది తెలిసి కూడా ఆగలేదు.

మార్కాపురం తిరిగివచ్చి జమేదారు మామకు చెప్పాను. ఆ సాయంత్రం ఆయన షెడ్డులో మనుషుల్ని లెక్కపెట్టకుండా ఇంటికి పోయాడు.

నాలుగో రోజున రైలెక్కి గిద్దలూరు పోయి, అక్కడి నుంచి నడిచి అతని భార్య ఉండే పల్లెకు వెళ్ళాను. మాట తప్పింది నేను, అతను కాదు అని అన్నకు చెప్పాలని నా ఉద్దేశం. ఏడాది పూర్తయిందనే లెక్క వేయమని బతిమాలుదామనుకున్నాను. అన్న ఊళ్ళో లేడు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆమెను పూర్తిగా చూడటం అదే మొదటిసారి. బక్కపలుచటి మనిషి, చూపు మాత్రం నిలకడ. అక్కడే నిలబడి నేను మొత్తం చెప్పాను. కార్డు, ముద్ర, చావడి తాళం, అన్నీ. ఆమె చేట పక్కన పెట్టి విన్నది.

"మా అన్న ఏడాది అన్నాడు. నేననలేదు" అంది చివరికి. "నన్ను ఎవురూ అడగలేదు. అడిగింటే ఆ దినమే మీ ఎంబడి వచ్చేదాన్ని."

ఒడిలో పడ్డ జొన్నపొట్టు దులుపుకుని మళ్ళీ ఆమే అడిగింది.

"ఇప్పుడు యాడున్నాడు?"

"తెలియదమ్మా."

"ఏ దిక్కుకు పోయినాడు? దిక్కు చెప్పినా చాలు."

"ఎవరూ చూడలేదు."

ఆమె తల ఊపింది. మళ్ళీ చేట అందుకుంది. నేను ఇంకా ఏదో మాట కోసం నిలబడి ఉంటే, "ఎండ ఎక్కుతాంది, పొండయ్యా. మళ్ళీ బండి తప్పిపోతది" అంది. ఆమె గొంతులో కోపం ఉందేమోనని దారంతా వెతుక్కున్నాను. కనిపించలేదు.

నెల తిరగకముందే అన్న మా షెడ్డుకు వచ్చాడు. మొదట వాళ్ళ ఇంట్లో చూసినప్పటి నిటారుతనం తగ్గిపోయింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. చెల్లెలు ఇల్లు విడిచి వారమైందట. ఒక చీర, కాసిన్ని జొన్నలు మూటకట్టుకుని, అన్న పిల్లలు బడికి పోయిన వేళ వెళ్ళిపోయిందట. మొదట చంద్రశేఖరపురం పల్లెలో అడిగితే, అక్కడికి వచ్చిందనీ, ఆ ఖాళీ ఇంట్లో ఒక పూట కూర్చుని లేచిపోయిందనీ చెప్పారు. తర్వాత దోర్నాల దారిలో శ్రీశైలం పోయే యాత్రికులతో ఎవరో చూశామన్నారు, ఆమేనో కాదో తెలియదు. వెదురు కొట్టే పనులకు అడవిలోకి పోయే కూలీల్లో వెతికాడు. ఎక్కడా ఆచూకీ లేదు.

"మీకు ఊరూరా మునసబులు తెలుసు గదా పంతులుగారూ. తలా ఒక జాబు రాయండి. మీరు రాస్తే జవాబిస్తారు. ఇద్దర్లో ఒకరి జాడ తెలిసినా చాలు. నేను ఏమనను. ఇంటికి రమ్మంటా, ఇద్దర్నీ రమ్మంటా" అన్నాడు. కండువా అంచు చేతిలో నలిగిపోతోంది.

అప్పుడు నాకు నిజంగానే నలభైమంది మునసబులు తెలుసు. కవర్లు కూడా వచ్చి ఉన్నాయి. రాస్తే పదిహేను రోజుల్లో ఏదో ఒక ఊరి నుంచి కబురు వచ్చి ఉండేదేమో. అతని బాధ చూస్తుంటే చెయ్యి కలం వైపే పోయింది.

"రాయను నాయనా" అన్నాను. "రాయొద్దని అతను అడిగినాడు. వాళ్ళిద్దరూ ఒక ఊళ్ళో కలిసి ఉంటే, నా ఉత్తరం ఆ ఊరు చేరిన రోజే మళ్ళీ లేచి పోవాల్సి వస్తుంది."

"కలిసి ఉన్నారంటారా?"

జమేదారు మామ కుండలోంచి నీళ్ళు ముంచి అన్న చేతికిచ్చి, "ఉన్నారు నాయనా. తాగు" అన్నాడు. అన్న తాగాడు. జమేదారు మామకు తెలిసినదేమీ లేదని నాకూ తెలుసు, అన్నకూ తెలుసు. ఆ మాట అనగలిగినందుకు మామ మీద నాకు అసూయ కలిగింది.